ఎవరిదీ కాని వైన్

యూదుల పస్కా విందులో నాలుగు గిన్నెల వైన్ తాగాలన్నది మా పెద్దలు పెట్టిన నియమం. ఏ గిన్నెలో ఏ వైన్ పోయాలన్నది షిఫ్రా పెట్టిన నియమం. పదిహేడేళ్లుగా నేను రెండోదానికే ఎక్కువ భయపడ్డాను.

పండగ వారం ఉందనగా సంచీలో సీసాలు గలగలలాడించుకుంటూ మా వంటింట్లోకి దిగేది. విందు మా ఇంట్లోనే, వంట నాదే. మాది మొరాకో నుంచి వచ్చిన కుటుంబం కనుక చేపల కూరలో ఎర్ర మిరప, వెల్లుల్లి దండిగా పడతాయి. గొర్రె మాంసం ఆల్‌బుకారా పళ్లతో ఉడుకుతుంది. షిఫ్రా ఒక్కో కుండలో చెంచా ముంచి, కళ్లు మూసుకుని నాలిక మీద వేసుకుని, దాని వెనకే ఒక గుక్క వైన్ పట్టేది. నేను గరిటె పట్టుకుని పరీక్ష రాసినవాడిలా నిలబడేవాణ్ణి.

"ఉప్పెక్కువైంది మఖ్లూఫ్."

"అది చేప రుచి."

"ఆ సంగతి చేపకి తెలుసా?"

ఆవిడ లెక్కలు ఆవిడవి. ఖాళీ కడుపు మీద పడేది కాబట్టి మొదటి గిన్నెకి తేలికైన తెల్లది. మా వాళ్లు ఐగుప్తులో బానిసలుగా పడి ఉండటం, దేవుడు విడిపించడం, ఆ కథంతా చెప్పుకుని గొంతెండాక తాగేది రెండోది. దాని వెనకే భోజనం వస్తుంది గనుక నాలికని నిద్రలేపేదై ఉండాలి. మాంసం తిని, తిన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక మూడోది, బాగా ముదిరినది. పాటలు పాడుతూ తాగే నాలుగోది తియ్యనిది. అది జెవులూన్ కుర్చీలోనే గురక పెట్టడానికని షిఫ్రా అనేది. జెవులూన్ మా ఆవిడ పెర్లాకి తమ్ముడు, ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేస్తాడు.

విందుకి ఇంకొకడొస్తాడు, యెహియేల్. బడిపంతులుగా చేసి మానేశాడు. ధర్మశాస్త్రంలో ఏ పేజీలో ఏముందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆయనది పోలండు కుటుంబం. వాళ్లకి పస్కా రోజుల్లో చిక్కుడు గింజలు కూడా పనికిరావు. నేను చేసే చిక్కుడు గింజల పులుసు ఇన్నేళ్లలో ఒక్క చెంచా తాగలేదు, కుండ తన వైపు జరిగితే కుర్చీ వెనక్కి జరుపుకుంటాడు.

ఇక షిఫ్రా మొగుడు ఎల్కానా. ఈ గలిలయ కొండ మీద మా ఊరి చివర చిన్న ద్రాక్షతోట వాళ్లది. తోట పని ఎల్కానాది, రుచి చూసే నాలిక షిఫ్రాది. మొన్న చలికాలంలో, పట్టుమని వారం కూడా మంచాన పడకుండా, షిఫ్రా పోయింది.

ఆవిడ పోవడానికి ముందు ఎండాకాలంలో ఏడో ఏడు చివరకొచ్చింది. ఏడేళ్లకోసారి భూమికి విశ్రాంతి. ఆ ఏడు తోట ఎవరిదైనా పంట అందరిదీ. అందరూ గేటు తెరిచి పెడితే, షిఫ్రా జెవులూన్‌ని పిలిచి కీళ్లు ఊడదీయించి గేటుని గడ్డిలో పడేయించింది. తెరిస్తే చాలదా అని నేనడిగాను. "తెరిచిన గేటు చూస్తే మళ్లీ మూసెయ్యాలనిపిస్తుంది" అంది. ఊళ్లోవాళ్లూ దారినపోయేవాళ్లూ వచ్చి కోసుకుపోయారు. వాళ్లతోపాటు తనూ రెండు బుట్టలు పట్టుకుని వరసల్లోకి నడిచింది. ఏడో ఏటి ద్రాక్షని రోజూ వాడే గానుగలో వేసి పిండకూడదు, వేరే దారి చూసుకోవాలి. అందుకని బట్టలు నానబెట్టే తొట్టి కడిగించి, పావడా మోకాళ్ల పైకి దోపుకుని, అందులో దిగి కాళ్లతో తొక్కింది. ఆ తర్వాత వారం రోజులు ఊదారంగు పాదాలతో వీధంతా తిరిగింది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపించింది.

అది పన్నెండు సీసాలయ్యింది. వాటికి బిరడాలు బిగించేసరికి ఆవిడ లేదు.

పండగ రెండు రోజులుందనగా ఎల్కానా మా ఇంటికొచ్చాడు. కూర్చోలేదు.

"ఎల్లుండి పొద్దున సీసాలు వీధిలో పెట్టాలి. ముగ్గురు కావాలి. నువ్వు, జెవులూన్, పంతులు."

ఎందుకో నాకు తెలుసు. ఏడో ఏటి ద్రాక్షని పస్కా దాకానే ఇంట్లో దాచుకోవచ్చు. ఆ సరికి కొండ మీద ఒక్క పండూ మిగలదు. అడవిలో నక్కకి దొరకనిది నీ ఇంట్లో తాళం వేసుకుని ఉండకూడదంటుంది శాస్త్రం. అందుకని ఉన్నది వీధిలోకి తెచ్చి, ముగ్గురి ముందు, ఇది ఇక నాది కాదు అని చెప్పాలి. ఆ మాట అన్నాక ఎవరైనా పట్టుకుపోవచ్చు. ఎవరూ పట్టుకుపోకపోతే చెప్పినవాడే మళ్లీ తీసుకోవచ్చు. కాబట్టి జనం ఏం చేస్తారంటే, చెయ్యి చాపని స్నేహితుల్నే ముగ్గుర్ని ఎంచుకుంటారు. మాట అనేస్తారు, ముగ్గురూ కాసేపు మబ్బుల్ని చూస్తారు, సీసా మళ్లీ లోపలికెళ్లిపోతుంది. మా నాన్న చేశాడు, నేనూ చేశాను.

"తీసుకోవు కదా?" అన్నాడు ఎల్కానా.

"నేనెందుకు తీసుకుంటాను రా?"

"మాటివ్వు."

ఇచ్చాను. సీసాల పెట్టె మంచం కింద పెట్టుకుని పడుకుంటున్నాడని పెర్లా అప్పటికే చెప్పింది.

"మరి విందులో ఒక సీసా తెరుద్దామా?" అన్నాను మెల్లిగా.

"తెరవను. ఎల్లుండి కాదు, ఎప్పుడూ తెరవను. నేను పోయేదాకా అలాగే ఉంటాయి."

"అలా ఉంచితే పాడైపోతుంది."

"పోనీ."

"సరే, వేరేవి పోద్దాం. ఏ గిన్నెకి ఏది పొయ్యాలో అదైనా చెప్పు."

"నాకేం తెలుసు? నాకు ఆకు తెగులు తెలుసు" అని వెళ్లిపోయాడు. నాకు కోపమొచ్చింది. వెంటనే ఆ కోపానికి సిగ్గేసింది. ఆయన మంచం కింద ఉన్నది వైన్ కాదు, ఆవిడ పాదాలు చేసిన చివరి పని. దాన్ని తాగెయ్యమని చెప్పడానికి నేనెవణ్ణి.

పస్కా రోజుల్లో పులిసిన రొట్టె ఇంట్లో ఉండకూడదు గనుక, పండగ పొద్దున ఊరంతా ఇళ్లలో మిగిలినది తెచ్చి పోస్టు డబ్బాల దగ్గర పాత డ్రమ్ములో తగలబెట్టారు. పొగ తగ్గాక ఎల్కానా పెట్టె మోసుకొచ్చాడు. నేను సాయం పట్టబోతే మోచేత్తో నెట్టేశాడు. పెట్టెని రోడ్డు పక్కన దించి, లేచి నిలబడి, మమ్మల్ని ముగ్గుర్నీ చూశాడు.

"వినండి. ఈ పన్నెండు సీసాలు ఇక నావి కావు. కావలసినవాళ్లెవరైనా తీసుకోవచ్చు."

గొంతు ఎక్కడా వణకలేదు. నేను మబ్బుల్ని చూశాను. జెవులూన్ బూట్లు చూసుకున్నాడు. గాజు గాజుకి తగిలిన చప్పుడైంది. తల దించితే యెహియేల్ చేతిలో సీసా ఉంది.

"పంతులూ, కింద పెట్టు" అన్నాను.

"ఎందుకు?"

"ఎందుకేంటి? అది షిఫ్రాది."

"షిఫ్రాది కాదు, ఎల్కానాది కాదు. వినబడలేదా నీకు? ఇప్పుడు నాది."

నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. అరవై తొమ్మిదేళ్లొచ్చాక ఒకరి చొక్కా పట్టుకుంటానని ఎప్పుడూ అనుకోలేదు. వెనకనుంచి జెవులూన్, "బావా, నువ్వు గట్టిగా పట్టుకో, నేను సీసా లాక్కుంటా" అన్నాడు.

యెహియేల్ సీసాని గుండెకి హత్తుకున్నాడు. "ఏడేళ్లకోసారి ఇక్కడ నిలబడి దేవుడి ముందు అబద్ధమాడుతున్నాం. నేనూ ఆడాను, ఎన్నిసార్లో. కానీ ఆవిడ ఏం చేసింది? గేటు ఊడబీకి పడేసింది. ఇంకెవరి సరుకైనా అయితే మబ్బులు చూసేవాణ్ణే. ఆవిడ వైన్ దగ్గర ఆ నాటకం ఆడలేను. కొడితే కొట్టు."

ఎల్కానా మొహంలో నెత్తురు చుక్క లేదు. మేం ముగ్గురం ఆయన వైపే చూస్తున్నాం. పెట్టె వైపు చూశాడు, అందులో ఖాళీ అయిన ఆ ఒక్క గడి వైపు చూశాడు. మిగతా పదకొండూ చంకన పెట్టుకుని ఇంటికి పోతే ఎవరూ ఏమీ అనరు. పోతాడనే అనుకున్నాను. పోవాలనే కోరుకున్నాను.

"వాణ్ణి వదిలెయ్ మఖ్లూఫ్" అన్నాడు చివరికి. "ఇందాక నేనన్న మాట నమ్మింది వాడొక్కడే. నేను కూడా నమ్మలేదు."

అప్పుడే జొహరా పిల్లల బండి తోసుకుంటూ అటు వస్తోంది. కింది వీధిలో ఉంటుంది. ఎల్కానా చెయ్యి ఊపాడు.

"జొహరా, ఇటు రామ్మా. ఒక సీసా తీసుకో."

ఆ అమ్మాయి పెట్టెని చూసి ఆగిపోయింది. "ఇది షిఫ్రా పిన్నిది కదా బాబాయ్."

"కాదమ్మా. ఎవరిదీ కాదు. తీసుకో."

జొహరా నా వైపు చూసింది. రెండు చేతులూ చాపి పురిటిబిడ్డని అందుకున్నట్టు అందుకుంది. "దేనితో తాగాలి?" అని అడిగింది. షిఫ్రా ఉన్నప్పుడు ఆ ప్రశ్న ఎల్కానాని అడిగినవాళ్లు లేరు.

"మీ ఇంట్లో ఏం చేస్తున్నారు?"

"పుట్టగొడుగులతో కోడి."

"అయితే దానితోనే."

తర్వాత రొట్టె కాల్చడానికి ఆలస్యంగా వచ్చినవాళ్లు వచ్చారు. వాళ్లని కూడా పిలిచాడు. మొదట ఎవరూ దగ్గరికి రాలేదు. ఆయనే బతిమాలాడు. ఒక్కొక్కరూ మసి చేతులు బట్టలకి తుడుచుకుని, ఒక్కొక్క సీసా తీసుకుని, చప్పుడు చెయ్యకుండా వెళ్లారు. ఒకామె గాజుకి ముద్దు పెట్టుకుంది. దేనితో తాగాలని అందరూ అడిగారు. మీ ఇంట్లో ఏముంది అని అందర్నీ అడిగాడు. బంగాళదుంపలన్నా, చేప ఉండలన్నా, నాలిక కూర అన్నా, అయితే దానితోనే అన్నాడు. ఊరి బస్సు ఆగితే డ్రైవరుకి కిటికీలోంచి అందించాడు. దారి అడగడానికి కారాపిన కొత్త మనిషెవరో చివరి సీసాతో వెళ్లిపోయాడు. అతనికి అదేమిటో చెప్పినా నమ్మి ఉండడు.

సముద్రం రెండుగా చీలిందని ఏటేటా చదువుతాం, నమ్ముతాం. కానీ కళ్ల ముందు ఒక మనిషి పిడికిలి అలా వేలు తర్వాత వేలు విప్పుకోవడం నేను చూసింది ఆ పొద్దునే. పోస్టు డబ్బాల పక్కన, మాడిన రొట్టె వాసనలో చూశాను. డబ్బాల గోడకి ఆనుకున్నాను.

ఎల్కానా ఖాళీ పెట్టెని బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"నువ్వెన్ని తీసుకున్నావు?" అని నన్నడిగాడు.

"ఒక్కటీ లేదు. మాటిచ్చాను కదా."

"మొద్దువి రా నువ్వు" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "కనీసం నువ్వయినా ఒకటి ఉంచుతావనుకున్నా."

పొద్దు వాలాక విందుకి కూర్చున్నాం. యెహియేల్ తెల్లచొక్కా వేసుకుని, న్యూస్‌పేపర్లో చుట్టిన సీసాతో వచ్చాడు. గుమ్మంలోనే నా చేతిలో పెట్టాడు. "నా సీసా, మన అందరికీ. ఏ గిన్నెకో నువ్వు చూడు, నాకు ఆ విద్య రాదు."

నాకు మాత్రం వచ్చా? చేపని చూశాను, మాంసాన్ని చూశాను. ఎనిమిది నెలల పసి వైన్. మూడో గిన్నెకి పెడితే మాంసం మసాలా కింద నలిగిపోతుంది. మొదటి గిన్నెకి పెడితే ఖాళీ కడుపు తిడుతుంది. రెండోదానికే సరి అనుకున్నాను. ఆ గిన్నె తాగిన వెంటనే పులియని రొట్టె, చేదు కూర, ఆ తర్వాత చేప. షిఫ్రా వినుంటే తల ఊపేదేమో. అంత ఆలోచించినవాణ్ణి, ఆ గిన్నెతోనే చేసే ఇంకొక పని సంగతి మరిచిపోయాను. ధర్మశాస్త్రం నమిలి మింగిన యెహియేల్‌కీ తట్టలేదు.

మొదటి గిన్నె అయ్యింది. ఈ విందులో ఎవరి గిన్నె వాళ్లు నింపుకోకూడదు. ఆ పూట మేమంతా రాజులం, రాజుకి ఇంకొకరే పోస్తారు. యెహియేల్ లేచి ఎల్కానా గిన్నె అంచుదాకా నింపాడు, తర్వాత మాకు పోశాడు. తొట్టిలో తొక్కిన రోజు వచ్చిన వాసనే గదంతా నిండింది. పెర్లా తువ్వాలు కోసం వెతికి మొహం తుడుచుకుంది. అందరికన్నా చిన్నవాడు అడగాల్సిన ప్రశ్నలు యాభై ఎనిమిదేళ్ల జెవులూన్ అడిగాడు. ఈ రాత్రి మిగతా రాత్రులకన్నా ఎందుకు వేరు అని రాగం తీస్తుంటే ఏటా నవ్వేవాళ్లం. ఈసారి నవ్వు రాలేదు.

కథ చదువుతూ చదువుతూ ఐగుప్తు మీద పడిన పది తెగుళ్ల దగ్గరకొచ్చాం. ఇక్కడ ఒక్కో తెగులు పేరుకీ గిన్నెలో వేలు ముంచి ఒక బొట్టు పళ్లెంలోకి రాల్చేస్తాం. మా విడుదల కోసం వేరేవాళ్ల ఇళ్లలో ఏడుపులయ్యాయి, కాబట్టి మన సంతోషం అంతమేర తగ్గాలని. పేర్లు చదివేది ఎప్పుడూ ఎల్కానానే.

"రక్తం" అని వేలు చాపాడు. అందరం చాపాం.

"ఆగండి" అన్నాడు యెహియేల్. అరచేతితో ఎల్కానా గిన్నె మూసేశాడు. "ఇది ఏడో ఏటి పంట. పవిత్రమైనది. తాగాలి గానీ పారబొయ్యకూడదు. ఒక్క బొట్టు కూడా."

వేళ్లన్నీ గాల్లోనే ఆగిపోయాయి. తప్పు నాదే. రెండో గిన్నెకి దీన్ని పెట్టింది నేను.

"వేరే వైన్ తెస్తా, అందులోంచి తీద్దాం" అని పెర్లా లేచింది.

"వద్దు, కూర్చో చెల్లెమ్మా" అన్నాడు ఎల్కానా. యెహియేల్ చెయ్యిని మెల్లిగా తప్పించి గిన్నెలోకి చూశాడు. వైన్ అంచు మీద వణుకుతూ నిలబడి ఉంది. "ఈ ఏడు నా గిన్నెలోంచి తియ్యడానికి పది బొట్లు కూడా లేవనుకున్నా పంతులూ. నువ్వేమో ఒక్కటి కూడా తియ్యడానికి వీల్లేదంటున్నావు."

"నేననడం లేదు. శాస్త్రం అంటోంది."

"తెలుసు."

చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. మేమూ పెట్టుకున్నాం. పది పేర్లూ ఆయన నెమ్మదిగా చదివాడు. రక్తం, కప్పలు, పేలు. చివరి పేరు దగ్గర ఆగాడు, తొలిచూలు బిడ్డల చావు. అది కూడా చదివాడు. నా జీవితంలో అన్ని పస్కా రాత్రుల్లోనూ పళ్లెంలో పది ఎర్రబొట్లు చూశాను. ఆ రాత్రి పళ్లెం తెల్లగా ఉంది, గిన్నెలు నిండుగా ఉన్నాయి. అందరికన్నా ఎక్కువ పోగొట్టుకున్నవాడి గిన్నె అన్నిటికన్నా నిండుగా ఉంది. నాకు భయమేసింది. ఎవరో చాలా పెద్దవాళ్లు మా ఇంట్లోకి వచ్చి నిలబడ్డారనిపించి తల ఎత్తలేకపోయాను.

దీవెన చదివి, ఆచారం ప్రకారం ఎడమవైపు ఒరిగి తాగాం. పచ్చిగా, పుల్లగా, తొక్కతో గింజతో సహా పండు నమిలినట్టుంది. ఎల్కానా మధ్యలో ఆపకుండా గిన్నె అడుగు కనిపించేదాకా తాగాడు. గిన్నె దించాడు.

"బాగుంది" అన్నాడు. "ఆవిడ చూడలేదు గానీ, బాగా వచ్చింది."

సీసాలో ఇంకా నాలుగు వేళ్ల వైన్ మిగిలింది. ఎల్కానా దాన్ని యెహియేల్ ముందునుంచి తన వైపు లాక్కున్నాడు. ఒక్క క్షణం దాచుకుంటాడేమో అనుకున్నాను. లేచి నిలబడి పెర్లాకి పోశాడు, జెవులూన్‌కి పోశాడు, నాకు పోశాడు. మిగిలింది యెహియేల్ గిన్నెలోకి వంచాడు. ధార సన్నబడి బొట్లయ్యింది. సీసాని తలకిందులుగా అలాగే పట్టుకుని, అడుగున అంటుకున్న ఆఖరి బొట్టు జారి మూతి దగ్గరకొచ్చి రాలేదాకా కదలకుండా నిలబడ్డాడు. చేప చల్లారిపోతోంది, నేను లేవలేదు.